పాత క్యాసెట్ల పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, గుర్తుపట్టడం, పంచుకోవడం: మొదటి నుంచి చివరిదాకా

"నాన్నగారు రేడియో నుంచి రికార్డు చేసుకున్న క్యాసెట్లు అటక మీద ఉన్నాయి, కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఎక్కించాక వచ్చే ప్రశ్నలు ఇంకా ఎక్కువ. పాడింది ఎవరు? శ్రుతి ఎందుకు తేడాగా ఉంది? గ్రూపులో పెడితే తప్పా? అందుకే మొత్తం పనిని వరసలో రాస్తున్నాను. ప్రధానంగా క్యాసెట్ల గురించే. గ్రామఫోన్ రికార్డుల గురించి మధ్యలో కొంచెం ఉంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. చాలామంది టైమంతా బుస్‌మనే శబ్దం తీసేయడానికే ఖర్చు పెడతారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరాలు మాత్రం తర్వాత రాద్దాంలే అని వదిలేస్తారు. శబ్దాన్ని పదేళ్ల తర్వాత కూడా బాగుచేసుకోవచ్చు. వివరాలు తెలిసిన పెద్దవాళ్లు అప్పటికి ఉంటారో లేదో.

1. ముందు ఏవి ఎక్కించాలో తేల్చుకోండి

90 నిమిషాల క్యాసెట్‌కి 90 నిమిషాలు పడుతుంది, దీనికి అడ్డదారి లేదు. పెట్టె నిండా ఉంటే అన్నీ చేయలేరు. కాబట్టి క్యాసెట్లను మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్పలో లోకంలో ఇంకెక్కడా దొరకనివి. ఇంట్లో అమ్మమ్మ పాడిన మంగళహారతులు, ఊళ్లో జరిగిన హరికథ, బుర్రకథ, పద్యనాటకం, గుడి కచేరీ, రేడియో నుంచి పట్టుకున్న లలితగీతాలు, భక్తిరంజని. వీటితోనే మొదలుపెట్టాలి.

రెండో కుప్పలో కంపెనీ క్యాసెట్లే గానీ ఇప్పుడు ఎక్కడా వినిపించనివి. చిన్న కంపెనీలు వేసిన జానపదాలు, భజనలు, స్థలపురాణాలు ఇందులోకి వస్తాయి.

మూడోది, ఏ యాప్‌లో అయినా దొరికే సినిమా పాటలు. వీటి జోలికి ఇప్పుడు వెళ్లకండి.

ఒక జాగ్రత్త. అట్ట మీద రాసింది నమ్మి మూడో కుప్పలో పడేయొద్దు. కొత్త క్యాసెట్ కొనే డబ్బు లేక, సినిమా పాటల క్యాసెట్ పైనున్న చిల్లుకి కాగితం కుక్కి, దాని మీదే రికార్డు చేసుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. చిల్లు మీద టేపు ముక్కో కాగితపు ఉండో కనిపిస్తే అది మొదటి కుప్ప.

2. క్యాసెట్‌ని యంత్రంలో పెట్టకముందే చూడాల్సినవి

☐ పైఅంచున రెండు చివర్లా ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేశారా? ఉంటే ముందు విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా టేపు చెరగదు. ఏ పనైనా దీని తర్వాతే.

☐ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి పొడి, చారలు ఉన్నాయా? అది బూజు. కోస్తా జిల్లాల తేమకి ఇది మామూలే. బూజు పట్టినదాన్ని మిగతా వాటితో కలపొద్దు, ఆడించొద్దు. ఆ పొడి యంత్రంలో టేపుని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాతి క్యాసెట్లకి కూడా పాకుతుంది.

☐ టేపు వెనక మధ్యలో రాగిరేకు మీద చిన్న ఫెల్ట్ ప్యాడ్ ఉంటుంది. అది ఊడిపోయిందా? ఊడితే పాట మంద్రంగా, దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

☐ టేపు వదులుగా వేలాడుతోందా? ఆరు పలకల పెన్సిల్ పెట్టి నెమ్మదిగా బిగించండి.

☐ ఎన్ని నిమిషాలది? 60, 90 అయితే ఫర్వాలేదు. 120 నిమిషాల క్యాసెట్‌లో టేపు బాగా పలచగా ఉంటుంది, ఇట్టే చిక్కుపడుతుంది. దాన్ని ఫాస్ట్ ఫార్వర్డ్, రివైండ్ చేయకుండా ప్లే మాత్రమే చేయండి.

60, 90 నిమిషాలవైతే ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాక ప్లే చేయండి. ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన పొరలు విడిపోతాయి, స్పీడు ఊగడం తగ్గుతుంది.

ప్యాడ్ ఊడినా, డొక్కు (టేపు చుట్టూ ఉండే ప్లాస్టిక్ పెట్టె) పగిలినా భయపడక్కర్లేదు. మూలల్లో, మధ్యలో ఐదు స్క్రూలున్న పాత క్యాసెట్ ఒకటి తీసుకుని దాని డొక్కులోకి మీ టేపు చుట్టలు మార్చండి. స్క్రూలు లేకుండా అతికించేసిన డొక్కు అయితే అంచున బ్లేడుతో జాగ్రత్తగా విడదీయాలి. తెగిన టేపుని అతికించడానికి మామూలు సెల్లో టేపు వాడొద్దు. దాని జిగురు ఎండకి కారి పక్క పొరలకి అంటుకుంటుంది. స్ప్లైసింగ్ టేపు అని అడిగి తెప్పించుకుని, టేపు వెనకవైపే అతికించాలి.

3. యంత్రం ఎంపిక, శుభ్రం

ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి వచ్చే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు నా మటుకు నేను వద్దనే అంటాను. వాటి మోటారు స్పీడు నిలకడగా ఉండదు. వీణ, వేణువు, సాగదీసిన ఆలాపన ఉన్నచోట ఆ ఊగుడు ఘోరంగా తెలిసిపోతుంది. పాత మంచి క్యాసెట్ డెక్ దొరికితే అదే రాజా. లేకపోతే ఇంట్లో మూలన పడ్డ టూ ఇన్ వన్‌కి కొత్త బెల్ట్ వేయించండి. వాడిన డెక్కులు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపిగ్గా వెతికితే కనిపిస్తాయి. కొనేముందు మీ క్యాసెట్ ఒకటి తీసుకెళ్లి అక్కడే ఆడించి చూడండి. మంచి క్యాసెట్ కాదు, పోయినా బాధలేనిది.

శుభ్రం చేసే వరస ఇది:

☐ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇయర్‌బడ్‌కి అద్ది హెడ్‌ని తుడవండి. గోధుమరంగు మరక రావడం ఆగేదాకా బడ్‌లు మారుస్తూ ఉండండి.

☐ హెడ్ పక్కన నిలువుగా తిరిగే సన్నటి ఇనుప కడ్డీనీ అలాగే తుడవండి.

☐ దాన్ని నొక్కుతూ తిరిగే నల్లటి రబ్బరు చక్రానికి ఆల్కహాల్ బదులు సబ్బునీళ్లతో తడిపిన బడ్ వాడండి. ఆల్కహాల్‌తో రబ్బరు ఎండి పగిలే ప్రమాదం ఉంది.

☐ బాగా ఆరాకే క్యాసెట్ పెట్టండి.

ఇప్పుడు చాలామందికి తెలియని, కానీ అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చే పని. హెడ్‌కి ఒకవైపు స్ప్రింగ్ ఉన్న చిన్న స్క్రూ ఉంటుంది. అది హెడ్ వంపుని సరిచేస్తుంది, దాన్ని అజిమత్ అంటారు. మీ క్యాసెట్ వేరే యంత్రంలో రికార్డు అయింది. ఆ యంత్రం హెడ్ ఏ వంపులో ఉందో మీ హెడ్ కూడా అదే వంపులో ఉండాలి. లేకపోతే తాళాల గలగల, 'స', 'శ' అక్షరాల పదును పోయి, గొంతు మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

ప్లే చేస్తూ, రెండు ఛానళ్లనీ మోనోగా కలిపి హెడ్‌ఫోన్‌లో వింటూ, స్క్రూని అటూ ఇటూ వెంట్రుకవాసి తిప్పండి. పదును ఎక్కడ ఎక్కువగా వినిపిస్తుందో అక్కడ ఆపండి. మోనోలో వింటేనే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్లకి ఒక్కోదానికీ ఈ పని మళ్లీ చేయాలి. ఆ తర్వాత ఏదైనా మంచి కంపెనీ క్యాసెట్ పెట్టి స్క్రూని మామూలు స్థితికి తెచ్చుకోండి. ఆటో రివర్స్ డెక్ అయితే దాని మాయలో పడకుండా క్యాసెట్‌ని చేత్తో తిప్పి పెట్టడమే మేలు. రెండు దిక్కులకీ ఒకే వంపు ఉండదు.

బుస తగ్గించే డాల్బీ బటన్ సంగతి. డాల్బీ పెట్టి రికార్డు చేసిన టేపుకే డాల్బీ పెట్టాలి. మన ఇళ్లలో టూ ఇన్ వన్‌లో పట్టుకున్నవాటికి డాల్బీ ఉండదు కాబట్టి ఆపేసి ఉంచండి. బుస తగ్గుతోంది కదా అని పెడితే బుసతో పాటు పాట పదునూ పోతుంది.

4. తీగలు, కంప్యూటర్

డెక్ వెనక లైన్ అవుట్ నుంచి ఎరుపు, తెలుపు పిన్నుల తీగ తీసుకుని కంప్యూటర్‌కి కలపాలి. ల్యాప్‌టాప్‌కి ఉండే ఒక్క రంధ్రంలో దూర్చొద్దు, అది మైకు కోసం. శబ్దం పగిలిపోతుంది, రెండు ఛానళ్లు ఒకటైపోతాయి. స్టీరియో లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ కొనండి. వేలంత ఉండే చవక సౌండ్ కార్డుల్లో కూడా చాలావాటికి మైకు రంధ్రమే ఉంటుంది. కొనేముందు 'స్టీరియో లైన్ ఇన్' అని రాసి ఉందో లేదో చూసుకోండి. టూ ఇన్ వన్‌కి లైన్ అవుట్ లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం వాడి, వాల్యూమ్ సగం దాటి కొంచెం పైన ఉంచండి.

సాఫ్ట్‌వేర్‌కి అడాసిటీ చాలు, ఉచితం. సెట్టింగులు: స్టీరియో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. గంట క్యాసెట్‌కి దాదాపు 1 జీబీ అవుతుంది. అంత స్థలం ఎందుకనిపిస్తే తర్వాత ఫ్లాక్ (FLAC) ఫైలుగా మార్చుకోండి. నాణ్యత ఏమాత్రం తగ్గకుండా సుమారు సగానికి వస్తుంది. ఎంపీ3లో నేరుగా రికార్డు చేయడం మాత్రం వద్దు.

గుయ్‌మనే శబ్దం వస్తోందా? ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబ్‌లైట్ చోక్, ఇన్వర్టర్, ఒక్కొక్కటే ఆపి చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు రికార్డింగ్ పెట్టుకోవద్దు. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి.

5. ఎక్కించడం

☐ క్యాసెట్‌లో అన్నిటికంటే గట్టిగా ఉండే చోటు వెతకండి. హరికథలో తాళాలు, కచేరీలో తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం), చివర్లో చప్పట్లు. అక్కడ మీటరు మైనస్ 6 డీబీ దాటకుండా పెట్టండి. కొంచెం తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు. సున్నా దాటి పగిలిన శబ్దానికి మందు లేదు.

☐ ఒక వైపు మొత్తం ఒకే ఫైలు. పాటపాటకీ ఆపొద్దు. మధ్యలో వచ్చే అనౌన్స్‌మెంట్, దగ్గు, 'ఆన్ చేశావా?' అనే మాట, అన్నీ రావాలి. రేపు గుర్తుపట్టడానికి అవే ఆధారాలు.

☐ టేపు ఖాళీగా ఉందనిపించినా చివరిదాకా పోనివ్వండి. ఇరవై నిమిషాల నిశ్శబ్దం తర్వాత ఒక పాట దొరకడం ఈ పనిలో ఉన్న పెద్ద సరదా.

☐ పక్కనే కూర్చుని వినండి. చేతిలో కాగితం, పెన్ను. 'ఎన్నో నిమిషంలో ఏం వచ్చింది' అని రాసుకోండి.

☐ అయ్యాక క్యాసెట్ మీద, ఫైలు పేరులో ఒకే నంబరు వేయండి. క్యా07-ఏ, క్యా07-బి, ఇలా.

ఈ ఫైలే అసలు ప్రతి. దీన్ని ఇకపై ఎవరూ ముట్టుకోకూడదు. కోతలు, శుభ్రాలు అన్నీ నకలు మీదే.

6. స్పీడు, శ్రుతి సరిచూడటం

బ్యాటరీలు అయిపోతున్న టేప్ రికార్డర్‌లో పట్టుకున్న పాట, ఇప్పుడు మంచి డెక్‌లో పెడితే వేగంగా, పై శ్రుతిలో వస్తుంది. గాయకుడు కుర్రాడైపోతాడు. స్పీడులో ఆరు శాతం తేడా అంటే సుమారు అర శ్రుతి, అంటే కీబోర్డు మీద పక్క మెట్టు అంత తేడా.

సరిచూడటానికి హార్మోనియం మంచి సాక్షి. పద్యనాటకం, బుర్రకథ, భజనల్లో హార్మోనియం ఉంటే దాని ఆధారస్వరాన్ని కీబోర్డుతోనో ట్యూనర్ యాప్‌తోనో పోల్చండి. రెండు మెట్ల మధ్య పడిందంటే టేపు స్పీడు అనుమానించాలి. తంబురా మాత్రమే ఉన్న కచేరీలో ఇంత గట్టిగా చెప్పలేం, తంబురాని వాళ్ల సౌకర్యం కొద్దీ శ్రుతి చేసుకుంటారు. అక్కడ మామూలు అలవాటు చూడాలి. మగవాళ్లు ఎక్కువగా ఒకటి (కీబోర్డు మీద సి) నుంచి రెండు శ్రుతి మధ్య, ఆడవాళ్లు నాలుగున్నర నుంచి ఆరు మధ్య పాడతారు. ఆ గాయకుడి వేరే రికార్డింగ్ ఏదైనా ఉంటే అంతకంటే మంచి కొలబద్ద లేదు.

ఇంకో ఆధారం టేపులోనే రికార్డు అయిన కరెంటు గుయ్. టేపు ఆపినా ఆ గుయ్ ఉంటే అది మీ ఇంటిది, ఆగిపోతే పాతది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి స్పెక్ట్రమ్‌లో అది 53 దగ్గర కనిపిస్తే టేపు వేగంగా తిరుగుతున్నట్టు. కానీ 1990లలో మన గ్రిడ్ 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, 48కీ దిగేది. కాబట్టి దీన్ని ఒక ఆనవాలుగానే చూడండి, తీర్పుగా కాదు.

సరిచేసేటప్పుడు స్పీడూ శ్రుతీ కలిసి మారే ఆప్షన్ వాడాలి. శ్రుతిని మాత్రమే మార్చే ఆప్షన్ వాడితే తాళం తప్పు స్పీడులోనే ఉండిపోతుంది. ఎంత శాతం మార్చారో రాసిపెట్టండి.

7. శుభ్రం చేయడం: తక్కువే మేలు

నకలు మీద, ఈ వరసలో: ముందు స్పీడు, తర్వాత మోనో, తర్వాత గుయ్, ఆఖరున బుస.

మోనో అంటే, టూ ఇన్ వన్‌లో రికార్డు అయినదైతే రెండు ఛానళ్లలో ఏది శుభ్రంగా ఉందో విని దాన్నే ఉంచుకోండి. బుస తగ్గించేటప్పుడు 6 డీబీ దగ్గర ఆపండి. ఎక్కువ లాగితే గొంతు నీళ్లలోంచి పాడినట్టు అవుతుంది, తంబురా నాదం ముక్కలు ముక్కలవుతుంది. సందేహం ఉంటే తీసేసిన శబ్దాన్ని విడిగా వినిపించే ఆప్షన్ నొక్కి వినండి. అందులో పాట వినిపిస్తే మీరు పాటని కోస్తున్నట్టే.

8. గ్రామఫోన్ రికార్డులైతే

ఎల్పీలకి ఫోనో ప్రీయాంప్ తప్పనిసరి. అది లేకుండా నేరుగా కలిపితే శబ్దం పలచగా, కీచుగా వస్తుంది.

78 రికార్డులకి రెండు హెచ్చరికలు. ఒకటి, వాటిని లక్కతో చేశారు. ఆల్కహాల్ తగిలితే కరిగిపోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడవండి, మధ్య కాగితం తడవకుండా. రెండు, ఎల్పీ ముల్లు వాటికి పనికిరాదు. 78 గాడి వెడల్పు, దానికి 3 మిల్ ముల్లు వేరే కొనాలి. ఎల్పీ ముల్లు గాడి అడుక్కి దిగి చెత్తని గీకుతూ పోతుంది, వినిపించేదంతా చిటపటలే. రికార్డు చేశాక మోనోగా కలిపితే ఆ చిటపటల్లో కొంత దానంతటదే తగ్గుతుంది.

9. ఎవరు పాడారు? ఏం పాడారు?

అసలు సరదా ఇక్కడే. పాటని గుర్తుపట్టే యాప్‌లు కచేరీలకి, రేడియో పాటలకి పెద్దగా పనికిరావు. టేపు స్పీడు తప్పితే సినిమా పాటని కూడా పట్టలేవు. కాబట్టి మన చెవే దిక్కు.

ముద్ర, అంటే రచయిత తన పాటలో వేసుకునే పేరో గుర్తో, అది వినండి. చరణం చివర త్యాగరాజ అని వస్తే తెలిసిందే. వేంకటేశ, వేంకటాద్రి వస్తే అన్నమయ్య వైపు, మువ్వగోపాల వస్తే క్షేత్రయ్య వైపు, భద్రాద్రి ప్రస్తావన ఉంటే రామదాసు వైపు, వేణుగోపాల వస్తే సారంగపాణి వైపు వెతకండి. వెతకండి అనే అంటున్నాను. వేంకటేశుడి మీద రాసినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

బాణీ ఎవరిది? ఇది తప్పక రాయాల్సిన వివరం, దాదాపు ఎవరూ రాయనిదీ ఇదే. తాళ్లపాక రాగిరేకుల మీద కీర్తనలకి రాగం పేర్లు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. ఇప్పుడు మనం వినే అన్నమయ్య బాణీల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. ఒకే కీర్తన రెండు మూడు బాణీల్లో, రేకు మీద ఉన్న రాగం కాకుండా వేరే రాగంలో వినిపించడం మామూలే. కాబట్టి రాగం గళ్లో రెండు రాయండి: రేకులో ఉన్నది, పాడినది. త్యాగరాజ కృతులైతే బాణీ గురుశిష్య పరంపరలో వచ్చింది గనక, తేడా వస్తే ఎవరి పాఠమో తెలిస్తే రాయండి.

రేడియో ఆధారాలు. కార్యక్రమం ముందూ వెనకా ఉన్న ప్రకటన, వార్తల ముక్క, విజ్ఞాన కార్యక్రమం పేరు, వివిధ భారతి అయితే మధ్యలో సబ్బు ప్రకటన, ఇవన్నీ తేదీ పట్టిస్తాయి. ఒక వార్త వినిపిస్తే పాత దినపత్రికలో చూసి నెల దాకా చెప్పొచ్చు. మరో సంగతి: క్యాసెట్ వయసు, పాట వయసు ఒకటి కావు. స్టేషన్ వాళ్లు పాత స్పూల్ టేపు నుంచి మళ్లీ వేసినదాన్ని మీ ఇంట్లో 1988లో పట్టుకుని ఉండొచ్చు.

అట్టలు, లేబుళ్లు. కంపెనీ క్యాసెట్ అయితే అట్ట మీద నంబరు, ధర, పీ అక్షరం చుట్టూ గుండ్రం గీసిన గుర్తు పక్కన ఉండే సంవత్సరం. 78 రికార్డు అయితే లేబుల్ మీద నంబరు. హెచ్‌ఎంవి వాటి మీద ఎన్‌తో, కొలంబియా వాటి మీద జీఈతో మొదలయ్యే నంబర్లు తరచుగా కనిపిస్తాయి. మధ్యలో గాడి లేని నున్నటి భాగం మీద చెక్కిన నంబరు వేరే, అదీ రాసుకోండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన రికార్డులైతే చివరిదాకా వినండి. పాట అయ్యాక కళాకారులు తమ పేరు తామే చెప్పుకునే అలవాటు ఉండేది.

పెద్దవాళ్లని అడగండి. గంట ఫైలు పంపిస్తే ఎవరూ వినరు. అర నిమిషం ముక్క చాలు, అందులో గొంతు స్పష్టంగా ఉండాలి. 'ఇది ఫలానా ఆవిడే కదా?' అని అడగొద్దు, మొహమాటానికి అవునంటారు. 'ఎవరనిపిస్తోంది?' అని అడగండి. ఇద్దరు విడివిడిగా ఒకే పేరు చెబితే నమ్మొచ్చు.

ప్రతి వివరం పక్కనా నమ్మకం ఎంతో రాయండి: ఖాయం, బహుశా, తెలియదు. బహుశా అన్నది మూడు గ్రూపులు తిరిగేసరికి ఖాయం అయిపోతుంది. అందుకే ఆ మాట ఫైలు పేరులోనే ఉండాలి.

10. పేర్లు, వివరాల కాగితం

ఫైలు పేరు ఇలా: సుమారు1985_లలితగీతం_గాయని-తెలియదు_క్యా07-ఏ-12ని

తెలుగులో పేరు పెడితే కొన్ని కారు స్టీరియోల్లో డబ్బాలు కనిపిస్తాయి. అయినా తెలుగులోనే పెట్టండి. కావాలంటే పెన్‌డ్రైవ్ నకలుకి వేరే పేరు పెట్టుకోవచ్చు.

ప్రతి క్యాసెట్‌కీ ఒక టెక్స్ట్ ఫైలు:

☐ క్యాసెట్ నంబరు, వైపు, ఏ నిమిషం
☐ మొదటి పాదం, విన్నది విన్నట్టు
☐ రచన, బాణీ, రాగం, తాళం
☐ గాత్రం, పక్కవాద్యాలు
☐ ఎక్కడ, ఎప్పుడు, ఎవరు రికార్డు చేశారు
☐ ఏ యంత్రంలో ఎక్కించారు, స్పీడు ఎంత మార్చారు, ఏం శుభ్రం చేశారు
☐ ఎవరు గుర్తుపట్టారు, ఎంత నమ్మకం

అట్ట రెండువైపులా ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి. అట్ట మీది చేతిరాత కూడా ఒక వివరమే.

11. పంచుకోవడం

'అరుదైన పాట, తప్పక వినండి' అని ఏ వివరమూ లేకుండా వచ్చే ఫార్వర్డులు మనకి కొదవ లేదు. మీరు పంపేది ఇలా ఉంటే జవాబులు వస్తాయి:

"క్యాసెట్ 14, బి వైపు, 12వ నిమిషం. విజయవాడ కేంద్రం భక్తిరంజని అని మొదట్లో ప్రకటన ఉంది, గాయని పేరు లేదు. రాగం మోహన అనుకుంటున్నాను. టేపు స్పీడు సరిచేయలేదు. గొంతు గుర్తుపట్టినవాళ్లు, ఎలా గుర్తుపట్టారో కూడా చెప్పండి."

వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. పంపే ప్రతి ఎంపీ3 అయినా 192 కేబీపీఎస్‌కి తగ్గొద్దు.

ఒకే పాటని వేర్వేరు గొంతుల్లో పోల్చి చూపించాలంటే ముగ్గురు చాలు. ముగ్గురిదీ అదే చరణం తీసుకోండి, వాల్యూమ్ సమానం చేయండి. ఇది చేయకపోతే ఏది గట్టిగా ఉంటే అదే బాగుందంటారు. పేర్లు ముందు దాచిపెట్టి వినిపిస్తే చర్చ ఇంకా బాగుంటుంది, అభిమాన సంఘాల గొడవ ఉండదు.

ఇక చట్టం. ఇంట్లో వినడానికి, పరిశోధనకి నకలు ఉంచుకోవడం వేరు, అందరికీ పెట్టడం వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం విడుదలైన రికార్డింగ్‌కి, ఆ మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. 1964లో వచ్చిన రికార్డుకి 2024 చివరితో అయిపోయింది. కానీ సాహిత్యానికి, సంగీతానికి విడిగా హక్కులున్నాయి, వాటికి రచయిత మరణం తర్వాత 60 ఏళ్లు. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో పోయారు కాబట్టి, ఆయన గీతం ఉన్న 1950ల రికార్డుకి రికార్డింగ్ హక్కు తీరినా సాహిత్యం హక్కు 2040 చివరిదాకా ఉంటుంది. త్యాగరాజ కృతికి రచన హక్కు లేదు, దాన్ని పాడిన కచేరీకి మాత్రం ఉంది. పాడినవారి హక్కు 50 ఏళ్లు.

అందుకని నా పద్ధతి చెప్తాను. రేడియో రికార్డింగులు పూర్తిగా అప్‌లోడ్ చేయను, గుర్తుపట్టడానికి చిన్న ముక్క పెడతాను. ప్రైవేటు కచేరీ అయితే కళాకారుల్ని, లేదా వాళ్ల పిల్లల్ని అడుగుతాను. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. పైగా తేదీ, పక్కవాద్యాల పేర్లు వాళ్ల దగ్గరే దొరుకుతాయి. ఇంటి ఆడవాళ్లు పాడిన పాటలైతే చట్టం దాకా వెళ్లక్కర్లేదు. 'పిన్నీ, మీరు పాడింది గ్రూపులో పెట్టనా?' అని అడగడం మర్యాద.

మీరే పాత పాటని పాడి విడుదల చేయాలనుకుంటే దానికి వేరే నిబంధనలున్నాయి. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు దాటాలి, హక్కుదారుకి ముందుగా తెలియజేయాలి, రాయల్టీ ముందే కట్టాలి.

12. తరచుగా వచ్చే తిప్పలు

పాట మధ్యలో వెనక్కి తిప్పినట్టు ఇంకో పాట సన్నగా వినిపిస్తోంది: హెడ్ ఎత్తు తప్పి రెండో వైపుని కూడా చదువుతోంది. వేరే డెక్‌లో పెట్టి చూడండి.

పాట మొదలవడానికి ముందే సన్నగా వినిపిస్తోంది: పక్క పొర నుంచి అచ్చు దిగింది. పోదు, వదిలేయండి.

కీచుమని టేపు ఏడుస్తోంది: డొక్కులోని ప్లాస్టిక్ పొరలు ముడతపడ్డాయి. డొక్కు మార్చండి.

ఒక ఛానల్ వచ్చి పోతోంది: ముందు హెడ్ తుడవండి, తర్వాత తీగ పిన్ను కదిపి చూడండి. రిపేరు షాపుకి ఆ తర్వాత.

స్పీడు క్రమంగా తగ్గుతోంది: బెల్ట్ సాగింది, లేదా రబ్బరు చక్రం గట్టిపడింది.

టేపు నమిలేసింది: బలంగా లాగొద్దు. తలుపు తీసి, రబ్బరు చక్రాన్ని వెనక్కి తిప్పుతూ విడిపించండి. ముడతలు పడ్డ భాగాన్ని వేళ్లతో చదును చేసి చుట్టేయండి. ఆ కొన్ని క్షణాలు తప్ప మిగతాది బాగానే వస్తుంది.

13. దాచడం

☐ అసలు ప్రతి రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, మూడోది ఇంకో ఊళ్లో బంధువుల దగ్గరో క్లౌడ్‌లోనో
☐ ఏడాదికోసారి డిస్కులు తెరిచి ఫైళ్లు ప్లే అవుతున్నాయో లేదో చూడటం
☐ క్యాసెట్లు ఒక వైపుకి పూర్తిగా చుట్టి, పుస్తకాల్లా నిలబెట్టి, స్పీకర్లకి దూరంగా, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో
☐ అటక మీద మాత్రం వద్దు, వేసవిలో పెంకుటిల్లయినా డాబా అయినా అక్కడే వేడి ఎక్కువ

ఎక్కించేశాం కదా అని క్యాసెట్లు పారేయొద్దు. ఇంకా మంచి డెక్ దొరికిన రోజు మళ్లీ ఎక్కించాల్సి రావొచ్చు. ఎవరైనా గొంతు గుర్తుపట్టి రాసిన రోజున టెక్స్ట్ ఫైలు తెరిచి, వాళ్ల పేరు, తేదీ వేసి సరిదిద్ది, ఆ ఫైలు పంపిన ప్రతి ఒక్కరికీ కొత్త వివరాలు మళ్లీ పంపండి.